గుడులు రెండైనా గుమ్మం ఒక్కటే

ప్రొద్దుటూరులో బంగారం అంగళ్ళకు కొదవ లేదు. పెళ్ళి నగలంటే చుట్టుపక్కల జిల్లాల వాళ్ళంతా ఇక్కడికే వస్తారు. 'రెండో బొంబాయి' అన్న పేరు ఆ ఊరికి ఉత్తినే రాలేదు.

1999లో ఒక రోజు మేం ఆరుగురు ఆడవాళ్ళం అక్కడ ఒక అంగట్లో కూర్చున్నాం. మా చిన్నమ్మ కూతురికి పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు తల్లి కూడా మాతోనే ఉంది. షావుకారు ఎర్ర గుడ్డ పరిచి నెక్లెసు, కమ్మలు, గాజులు వరుసగా పెట్టాడు. చిన్నమ్మ ఏళ్ళ తరబడి చీటీలు కట్టి కూడబెట్టిన డబ్బు ఆమె ఒళ్ళో సంచిలో ఉంది.

అప్పుడు పెళ్ళికొడుకు తల్లి నెమ్మదిగా అన్నది.

"వదినా, ఏమీ అనుకోవద్దు. మా మందిరంలో ఆడోళ్ళు నగలు పెట్టుకోరు. పిల్లకు ఇవేవీ వద్దు."

చిన్నమ్మ ముఖం పాలిపోయింది. "ఒక్కగానొక్క కూతురు వదినా! బోసి మెడతో గుడిలోకి ఎట్ల పంపేది?"

"ఇంకొక మాట గూడా చెప్పాల. పెళ్ళికి ముందే మీ పిల్ల మా మందిరంలో బాప్తిస్మం తీసుకోవాల."

"ఇదేంది వదినా! చంటిబిడ్డగా ఉన్నప్పుడే ఇప్పించినాం గదా. అది చెల్లదా?"

ఎవరూ మాట్లాడలేదు. ఏమీ కొనకుండానే లేచి వచ్చాం. బస్టాండు దాకా మా పిల్ల తల ఎత్తలేదు.

ఇది జరిగి పాతికేళ్ళు దాటింది. ఇలాంటి మాటలు ఇప్పటికీ ఎన్నో ఇళ్ళలో వినబడుతున్నాయి. అందుకే ఈ సంగతి మీతో చెప్పుకోవాలనిపించింది.

ఆసుపత్రి మంచం దగ్గర కలిసిన సంబంధం

మా చిన్నమ్మ వాళ్ళది జమ్మలమడుగు. లండన్ మిషన్ వాళ్ళు పందొమ్మిదో శతాబ్దం చివర్లో అక్కడ ఆసుపత్రి పెట్టారు. క్యాంబెల్ ఆసుపత్రి అంటే కడప జిల్లాలో తెలియనివాళ్ళు తక్కువ. డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు వైద్యం చదివిన కొత్తలో అక్కడ మెడికల్ ఆఫీసరుగా పనిచేశారు. తరువాత 1973లో పులివెందులలో తన తండ్రి రాజారెడ్డి పేరిట 70 పడకల ఆసుపత్రి పెట్టారు. అలాంటి ఊళ్ళో పుట్టిన ఆడపిల్లలకు నర్సు తెల్లచీర చూస్తే ముచ్చట. మా పిల్లా అదే చదివి ఒక ఆసుపత్రిలో చేరింది.

పులివెందుల నుంచి ఒక పెద్దామె పెరట్లో జారిపడి, కాలు విరిగి అక్కడ చేరింది. పన్నెండు రోజులు ఆమెకు తలదువ్వి, ఒళ్ళు తుడిచి, మందులిచ్చి చూసుకున్నది మా పిల్లే. ఆమె కొడుకు బడిపంతులు. బడి వదలగానే క్యారియరు పట్టుకుని బస్సెక్కి వచ్చేవాడు. ఆ పన్నెండు రోజుల్లో వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో మాకెవరికీ తెలియదు. పదమూడో రోజు ఇంటికి పోతూ ఆ తల్లే మా పిల్ల చెయ్యి పట్టుకుని, "మా ఇంటికి వస్తావా తల్లీ?" అని అడిగిందట.

చూడండి, అప్పటికి ఆమె ఈ పిల్ల ఏ సంఘం అని అడగలేదు. పిల్ల మనసే చూసింది. సంఘం పేరు తరువాత వచ్చింది, దానితో పేచీ వచ్చింది.

తాతల ఊరే సంఘమైంది

బయటివాళ్ళకు క్రైస్తవులంతా ఒకటే. లోపలికి వచ్చి చూస్తే సి.ఎస్.ఐ., బాప్టిస్టు, లూథరన్, క్యాథలిక్, పెంతెకొస్తు, బ్రదరెన్ అని ఎన్నో శాఖలు. ఒకరిది గుడి, ఒకరిది మందిరం. ఒకరు చంటిబిడ్డకు బాప్తిస్మం ఇస్తారు. ఇంకొకరు ఊహ తెలిసి, తానుగా నమ్మినవాళ్ళను నీళ్ళలో ముంచి ఇస్తారు.

ఇందులో మనం ఏరికోరి తీసుకున్నదెంత? కడపకు 1822లో లండన్ మిషన్ వచ్చింది. నెల్లూరుకు అమెరికన్ బాప్టిస్టులు, గుంటూరుకు లూథరన్లు, మదనపల్లెకు అమెరికన్ ఆర్కాటు మిషన్ వాళ్ళు వచ్చారు. మన తాతలు ఏ ఊళ్ళో ఉన్నారో దాన్నిబట్టి చాలామందికి సంఘం వచ్చింది. తాత గుంటూరులో ఉండి ఉంటే మా చిన్నమ్మ లూథరన్ అయ్యేది!

ఆ తేడాలు ఈ గడ్డ మీద అడ్డం కాకూడదని మన పెద్దలకు ముందే తోచింది. 1908లో కొన్ని సంఘాలు కలిసి దక్షిణ భారత ఐక్య సంఘం అయ్యాయి. మా జమ్మలమడుగు లండన్ మిషన్ సంఘం అందులోదే. 1915లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయరోగుల కోసం పలు మిషన్లు కలిసి ఆసుపత్రి తెరిచాయి. రోగి దగ్గర కలిసినవాళ్ళు ప్రార్థన దగ్గర కలవలేరా అన్న ప్రశ్న అప్పటిదే.

1919లో తరంగంబాడిలో పాదిరులు సమావేశమై, మన సంఘాలన్నీ ఏకం కావాలని పిలుపునిచ్చారు. వారిలో ముందున్నది దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే, 1912లో. ఆయన భార్య అన్బు మరియమ్మాళ్ ఆ రోజుల్లోనే కాలేజీ చదువు చదివిన క్రైస్తవ స్త్రీ.

అనుకున్నంత మాత్రాన కలిసిపోయారా? లేదు. ఇరవై ఎనిమిదేళ్ళు మాట్లాడుకున్నారు. బిషప్ ఉండాలా వద్దా, బిషప్ చేతులుంచి అభిషేకించని పాదిరి ఇచ్చే సంస్కారం చెల్లుతుందా లేదా అని తర్కించుకున్నారు. అజరయ్య గారు 1945 జనవరి 1న కన్నుమూశారు. చివరికి 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం, అంటే సి.ఎస్.ఐ., ఏర్పడింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఆరు వారాలే.

ఆ ఒడంబడికలో నాకు నచ్చిన మాట ఒకటుంది. ఏ సంఘం మీదా వాళ్ళ మనస్సాక్షికి విరుద్ధమైన ఆరాధన పద్ధతిని గానీ పాదిరిని గానీ రుద్దకూడదన్నారు. పూర్తిగా ఒకటి కావడానికి ముప్పై ఏళ్ళు గడువు పెట్టుకున్నారు.

మా జేజి చెప్పిన సంగతి

ఈ కథ మా ఇంట్లో పుస్తకాల్లోంచి రాలేదు, మా జేజి నోట వచ్చింది. ఆమె పుట్టినిల్లు కలసపాడు వైపు. అదీ కడప జిల్లానే కానీ అక్కడ ఆంగ్లికన్ మిషన్. మెట్టినిల్లు జమ్మలమడుగు, లండన్ మిషన్. 1947లో ఐక్యం జరిగినప్పుడు నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లు చాలామంది అందులో చేరలేదు. కలసపాడు వైపూ అంతే. అలా మా జేజి పుట్టినిల్లు ఒక సంఘం, మెట్టినిల్లు ఇంకో సంఘం అయ్యాయి.

నంద్యాల డయాసిస్ సి.ఎస్.ఐ.లో చేరింది 1975లో. అంత పట్టుదలతో బయట నిలబడిన ఆ నంద్యాలలోనే 2013లో ఎగ్గోని పుష్పలలిత గారు బిషప్ అయ్యారు. సి.ఎస్.ఐ.లో మొట్టమొదటి మహిళా బిషప్ ఆమే. కాలం ఎవరిని ఎక్కడికి తెస్తుందో ఎవరు చెప్పగలరు!

బంగారం అంగడి పేచీ తరువాత రెండు వారాలు రాకపోకలు లేవు. పెళ్ళి తప్పిపోయినట్టే అనుకున్నాం. పిల్ల అన్నం సరిగ్గా తినడం లేదు. ఆ అబ్బాయి మాత్రం "నాకు ఈ పిల్లే కావాల, ఆమె బాప్తిస్మం నేనడగను" అని కబురు పంపాడు. అప్పుడు జేజి, పెళ్ళికొడుకు తల్లిని పిలిపించమంది. ఆమె వచ్చింది. జేజి ఆమెకు మజ్జిగ ఇచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని చెప్పిన మాటలు నాకిప్పటికీ గుర్తు.

"బిడ్డా, మా అన్న సచ్చేదాకా మా గుళ్ళో సంస్కారం తీసుకోలేదు. నేను అడగలేదు. కానీ ఏ క్రిస్మస్‌కూ నాకు చీర పెట్టేది మానలేదు. గుళ్ళోళ్ళు కలిసేదానికి ముప్పై ఏండ్లు గడువు పెట్టుకున్న్యారు. నువ్వు కోడలికి ముప్పై దినాలు గూడా ఈయవా?"

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "నా నమ్మకం నేను విడిచేది లేదు పెద్దమ్మా. అట్లని పిల్లనూ విడవలేను" అని కళ్ళు తుడుచుకుంది. ఆ మాటతో నాకు ఆమె మీద గౌరవం పెరిగింది. ఆమెది మొండితనం అనుకున్నాను. అది భయమని, తన దేవుని ముందు తప్పు చేస్తానేమోనన్న భయమని అప్పుడే అర్థమైంది.

ఆ పూటే నాలుగు మాటలు అనుకున్నారు. పిల్ల తానుగా కోరితే తప్ప రెండో బాప్తిస్మం మాట ఎత్తకూడదు. నగలకు బదులు చిన్నమ్మ ఆ డబ్బుతో పిల్ల పేరిటే పోస్టాఫీసులో కిసాన్ వికాస పత్రాలు కొంటుంది. మెడలో సిలువ గుర్తున్న పుస్తె, సన్నటి గొలుసు మాత్రం ఉంటాయి. ఒక ఆదివారం మందిరం, ఒక ఆదివారం గుడి. పిల్లలు పుడితే పేరుపెట్టి ప్రార్థన చేయించడం, బాప్తిస్మం సంగతి వాళ్ళు పెద్దయ్యాక వాళ్ళకే వదలడం. ఈ చివరిది ఒప్పుకోవడానికి చిన్నమ్మకు చాలా కష్టమైంది. ఆ రాత్రంతా ఏడ్చింది. కలవడమంటే ఇరువైపులా కొంత వదులుకోవడమేనని ఆమెను చూస్తే తెలిసింది.

అసలు అడ్డు ఏది?

ఇక్కడ ఒక నిజం కూడా చెప్పుకోవాలి. "వేరే సంఘం" అని వద్దన్న సంబంధాల్లో కొన్నిటికి అసలు కారణం కులం. ఒకే బెంచీ మీద కూర్చుంటాం, ఒకే పాత్రలోది పంచుకుంటాం, పెళ్ళిచూపుల దగ్గరికి వచ్చేసరికి "మనోళ్ళేనా?" అని గుసగుసగా అడుగుతాం. సంఘాలు కలవడానికి ఒడంబడికలు రాసుకున్నారు. ఈ అడ్డు తొలగించే ఒడంబడిక మన ఇళ్ళలో, మనమే రాసుకోవాలి. రూతు మోయాబు దేశపు పిల్ల. నయోమి ఆమెను కోడలుగా కాదు, కూతురిగా చూసుకుంది. ఆ కథ ప్రతి పెళ్ళిలోనూ చెప్పించుకుంటాం. ఇంటికొచ్చాక గుర్తు పెట్టుకోవడమే మిగిలింది.

పెళ్ళి మాటల్లోనే తేల్చుకోండి

• పెళ్ళి ఏ గుడిలో, ఎవరి చేతుల మీదుగా? రెండువైపుల పాదిరులనూ ముందే కలవండి. పెళ్ళి ప్రకటనకు వ్యవధి కావాలి.

• క్యాథలిక్ సంబంధమైతే, ఇతర సంఘాల వారితో పెళ్ళికి వారికి బిషప్ అనుమతి అవసరం. తేదీ పెట్టుకోకముందే ఫాదర్‌ను అడగండి.

• బాప్తిస్మం, ఆదివారాలు, నగలు, పిల్లల పెంపకం గురించి పెద్దలే కాదు, పిల్లా పిల్లాడూ కూర్చుని మాట్లాడుకోవాలి. "పెళ్ళయ్యాక సర్దుకుంటుంది లే" అన్న మాట నమ్మవద్దు.

• పెళ్ళి రిజిస్టరులో పేర్లు, పుట్టిన తేదీలు సరిగ్గా రాశారా చూసుకోండి. సర్టిఫికెట్ జాగ్రత్త పరచండి.

• కట్నం ఇవ్వడం, తీసుకోవడం 1961 చట్టం ప్రకారం నేరం. ఏ సంఘానికీ మినహాయింపు లేదు. పిల్లకు ఏమైనా ఇవ్వదలిస్తే ఆమె పేరిటే పెట్టండి.

ఒకే పాటల పుస్తకం

పెళ్ళయిన ఆరేళ్ళకు మా చిన్నాన్న పోయాడు. గుడి నిండా జనం. పులివెందుల నుంచి వియ్యపురాలు వచ్చి, చిన్నమ్మ పక్కనే నేల మీద కూర్చుంది. ఆమె మా గుడిలో సంస్కారం తీసుకోదు. ఈ రోజుకీ తీసుకోదు. కానీ పాట ఎత్తుకోగానే ఆమె గొంతే అందరికంటే గట్టిగా వినబడింది. పుస్తకం చూడకుండా చరణాలన్నీ పాడింది.

అప్పుడు తట్టింది నాకు. పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) బాప్టిస్టు. ఆయన రాసిన కీర్తనలు లూథరన్లు పాడతారు, సి.ఎస్.ఐ. వాళ్ళు పాడతారు, మందిరాల వాళ్ళూ పాడతారు. పాట దగ్గర ఎవరూ "ఇది ఏ సంఘం వాళ్ళది?" అని అడగరు. పెద్దలు కాగితాల మీద కలవడానికి ఎన్నో ఏళ్ళు పట్టింది. ఆ పాటలు మాత్రం మన వంటిళ్ళలో, ఉయ్యాలల దగ్గర ఎప్పుడో కలిసిపోయాయి.

మా పిల్లకు ఇప్పుడు ఇద్దరు బిడ్డలు. పెద్దది గుడిలో పాడుతుంది, చిన్నవాడు నాయనమ్మ వెంట మందిరానికి పోతాడు. ఆ ఇంట్లో రోజూ రాత్రి భోజనానికి ముందు ప్రార్థన మాత్రం అందరిదీ ఒక్కటే. కిసాన్ వికాస పత్రాల డబ్బు పెద్దదాని చదువుకు పనికొచ్చింది.

మీ ఇంటికీ వేరే గుడి నుంచి కోడలో అల్లుడో రావచ్చు. అప్పుడు మా జేజి మాట ఒకసారి తలచుకోండి. గడువు ఇవ్వండి. ప్రేమకు కావలసింది ముందు అదే.