తెల్ల దుస్తులు విడిచిపెడుతున్న మన ఆడబిడ్డలు

నర్సు లేని కుటుంబం మన సంఘాల్లో అరుదు. 1898లో గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ ఆసుపత్రి తెరిచారు. అటువంటి మిషను ఆసుపత్రులే మన పేటల ఆడబిడ్డలకు ఒక వృత్తిని, చేతికి జీతాన్ని, ఊరిలో గౌరవాన్ని ఇచ్చాయి. ఆ వృత్తినే నేడు వారు వదులుకుంటున్నారు. కొందరు గల్ఫ్‌కు, కొందరు ఇంగ్లండుకు వెళ్తున్నారు. కొందరైతే పూర్తిగా మానేసి ఇంట్లో ఉంటున్నారు. ధనాపేక్ష అని పెద్దలు తేల్చేస్తున్నారు. ఒకప్పుడు మేమూ ప్రసంగంలో అలాగే అన్నాము. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాము.

జీతం సంగతి నిజమే. 2016లో సుప్రీంకోర్టు ఆదేశం మీద ఏర్పడిన కమిటీ, యాభై పడకలు కూడా లేని ప్రైవేటు ఆసుపత్రిలోనైనా నర్సుకు నెలకు కనీసం 20,000 రూపాయలు ఇవ్వాలని సిఫారసు చేసింది. అమలు రాష్ట్రాలకు వదిలేశారు. నేటికీ అంతకంటే తక్కువకు పనిచేస్తున్న బిడ్డలను మేమెరుగుదుము. ప్రభుత్వాసుపత్రుల్లో కాంట్రాక్టు నర్సులది మరో బాధ: పని రెగ్యులర్ వారిదే, భద్రత మాత్రం ఉండదు.

అయితే వారితో కూర్చొని మాట్లాడితే జీతంకన్నా ముందు వచ్చే మాట వేరు. బోధనాసుపత్రి సాధారణ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలన్నది నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. రాత్రి డ్యూటీలో ముప్పై మంచాలకు ఒక్కతే తిరిగే బిడ్డకు ఆ లెక్క చెబితే నవ్వుతుంది. ఒకరు మానేస్తే ఆమె మంచాలు మిగిలినవారి మీద పడతాయి. దానితో మరొకరు మానేస్తారు. ఒళ్లు అలిసిపోతే నిద్రతో తీరుతుంది. పిలిచిన రోగి దగ్గరకు సమయానికి వెళ్లలేకపోయానన్న బాధ ఇంటిదాకా వస్తుంది, అది నిద్రతో తీరదు. 2022 డిసెంబరులో బ్రిటన్ నర్సులు, తమ రాయల్ కాలేజ్ 106 ఏళ్ల చరిత్రలో ఎన్నడూ లేనంత పెద్ద సమ్మె చేసినప్పుడు, జీతంతోపాటు రోగుల భద్రత మాట కూడా ఎత్తారు.

‘సేవ’ అనే మాటను మనం డాక్టరు ఫీజు దగ్గర వాడము, నర్సు జీతం దగ్గరే వాడతాము. క్రైస్తవ సంస్థలూ ఇందుకు మినహాయింపు కావు. బదరీ వృక్షం కింద సొమ్మసిల్లిన ఏలీయాకు దూత మొదట రొట్టె, నీళ్లు ఇచ్చి, మళ్లీ నిద్రపోనిచ్చాడు. ప్రయాణం మాట తరువాతనే ఎత్తాడు. మనమైతే రాత్రంతా మేలుకొని ఆరాధనకు వచ్చి కునుకు తీసిన బిడ్డను చూసి గుసగుసలాడతాము.

మే 12న నర్సుల దినాన శాలువాలు కప్పుతారు, మంచిదే. అంతకుముందు, ఆసుపత్రి కమిటీల్లో ఉన్న మన పెద్దలు జీతాల రిజిస్టరు, రాత్రి డ్యూటీ చార్టు ఒకసారి తెప్పించి చూడాలని కోరుతున్నాము.