నేరం ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుందా?

అపోహ: ఒకే కేసులో నేరం ఒప్పుకున్నవాడు తక్కువ శిక్షతో బయటపడతాడు, విచారణకు నిలబడ్డవాడు ఎక్కువ అనుభవిస్తాడు.

వాస్తవం: షికాగో కోర్టులో నడిచిన డేవిడ్ హెడ్లీ, తహవ్వుర్ రాణాల కేసే చూడండి. ముంబయి ఉగ్రదాడుల కోసం, దాడి చేయాల్సిన చోట్లన్నీ ముందుగా తిరిగి వీడియోలు తీసిన హెడ్లీ, 2010 మార్చిలో మొత్తం 12 అభియోగాలనూ ఒప్పుకున్నాడు. సహనిందితుడు రాణా మాత్రం జ్యూరీ ముందు పోరాడాడు. అతని మీద ప్రధాన సాక్షి, బడినాటి స్నేహితుడైన హెడ్లీయే! 2011 జూన్‌లో జ్యూరీ రాణాపై ముంబయి అభియోగాన్ని కొట్టేసింది. లష్కరే తోయిబా ఉగ్రవాద సంస్థకు సాయపడటం, డెన్మార్క్ పత్రికపై దాడికి కుట్ర రుజువయ్యాయంది. 2013 జనవరిలో ఒకే జడ్జి, వారం తేడాతో, రాణాకు 14 ఏళ్లు, హెడ్లీకి 35 ఏళ్లు వేశాడు.

అపోహ: అంటే ఒప్పుకుని హెడ్లీ నష్టపోయాడు.

వాస్తవం: ఏళ్లు లెక్కపెడితే అలాగే కనిపిస్తుంది. కానీ నేరం ఒప్పుకుంటూ ప్రాసిక్యూటర్లతో చేసుకున్న ఒప్పందంతో అతనికి ఉరి తప్పింది; భారత్‌కు, పాకిస్తాన్‌కు, డెన్మార్క్‌కు అప్పగించబోమన్న హామీ దక్కింది. రాణాకు అలాంటి హామీ ఏదీ లేదు. 2025 ఏప్రిల్‌లో అతణ్ని ఢిల్లీకి తెచ్చారు.

అపోహ: సహనిందితులకు సమాన శిక్ష వేయాల్సిందే.

వాస్తవం: ఒకే రకం నేరం రుజువై, ఒకే రకం నేరచరిత్ర ఉన్నవాళ్ల మధ్య అకారణమైన తేడా ఉండకూడదని మాత్రమే అమెరికా చట్టం అంటుంది. వీళ్లిద్దరి పాత్ర ఒకటి కాదు, రుజువైనదీ ఒకటి కాదు. నన్ను కలవరపెట్టేది, ఒప్పుకోనందుకే శిక్ష పెరిగిన మరో కేసు. కెంటకీలో హేస్ అనే వ్యక్తి 88 డాలర్ల దొంగ చెక్కు కేసులో పట్టుబడ్డాడు. ఒప్పుకుంటే అయిదేళ్లు అడుగుతాం, లేదంటే పాత నేరాలు కలిపి యావజ్జీవం పడే అభియోగం పెడతామని ప్రాసిక్యూటర్ చెప్పాడు. హేస్ ఒప్పుకోలేదు. యావజ్జీవమే పడింది. 1978లో అమెరికా సుప్రీంకోర్టు అయిదుగురు ఇటు, నలుగురు అటుగా అది తప్పు కాదంది. విచారణ కోరడం హక్కే. దాని ధర మాత్రం ఇదీ.

అపోహ: మన దగ్గరా హెడ్లీ ఇలాంటి బేరమే ఆడగలిగేవాడు.

వాస్తవం: 2006లో అమల్లోకి వచ్చిన మన ప్లీ బార్గెయినింగ్, ఏడేళ్లకు మించి శిక్ష పడే నేరాలకు వర్తించదు. అయితే మనకు అప్రూవర్ అనే మరో దారి ఉంది. నిజమంతా చెప్పాలన్న షరతుపై 2015 డిసెంబరులో ముంబయి కోర్టు హెడ్లీకి క్షమాభిక్ష ఇచ్చింది. మరుసటి ఫిబ్రవరిలో అతను అమెరికా నుంచే వీడియోలో సాక్ష్యం చెప్పాడు.