తెల్లచారల బాట

థాయిలాండు దేశమునందు, రాజధానియైన బ్యాంకాకు నగరమునకు ఆగ్నేయదిశగా సుమారు 150 కిలోమీటర్ల దూరమున, సముద్రతీరమున పట్టాయా అను పట్టణము కలదు. ఒకప్పుడది చేపలు పట్టి జీవించు జాలరుల పల్లె. 1959 ప్రాంతమునుండి అమెరికను సైనికులు విశ్రాంతికై అచ్చటికి వచ్చుట మొదలిడిరి. వారి రాకతో తీరము వెంట వసతిగృహములు, భోజనశాలలు, అంగళ్లు వెలసినవి. 1978లో ఆ దేశపు ప్రభుత్వము పట్టాయాకు ప్రత్యేకమైన నగరపాలనాధికారమును ఇచ్చినది. నేడు ప్రపంచపు నలుమూలలనుండియు ఏటేట లక్షలకొలది యాత్రికులు అచ్చటికి పోవుచుందురు. వారిలో మన తెలుగువారును పెక్కురు కలరు.

ఈ పట్టణపు అమరికను ముందుగా తెలిసికొనవలెను. పడమట సముద్రము, దాని నానుకొని ఇసుకతీరము, ఇసుకను ఆనుకొని తీరవీధి. వసతిగృహములును, అంగళ్లును ఆ వీధికి తూర్పు ప్రక్కన వరుసగా నుండును. కనుక సముద్రమును చూడవచ్చిన ప్రతివాడును ఈ వీధిని దాటియే తీరవలెను. స్నానమునకు పరుగిడు పిల్లవాడును, చేతికఱ్ఱ ఊతగా నడచు వృద్ధురాలును, కొబ్బరిబొండములు అమ్ముకొను పేదవాడును దినమునకు పలుమారులు దానిని దాటుచుందురు. ఈ వీధిలో వాహనములు ఉత్తరమునుండి దక్షిణమునకు మాత్రమే పోవలెను. దీనికి సమాంతరముగా నున్న రెండవ వీధిలో అవి దక్షిణమునుండి ఉత్తరమునకు మరలి వచ్చును. పట్టణమునకు తూర్పున సుఖుమ్‌విత్ అను పెద్ద రహదారి కలదు. అది మిక్కిలి వెడల్పైనది. దానిపై వాహనములు మరింత వడిగా పోవును.

పాదచారులు దాటుటకై ఈ వీధులలో అక్కడక్కడ నేలపై తెల్లని చారలు గీచియున్నారు. ఇట్టివానిని మనము జీబ్రా గుర్తులందుము. థాయి భాషలో దీనికి 'థాంగ్ మా లాయ్' అని పేరు. 'థాంగ్' అనగా బాట, 'మా' అనగా గుఱ్ఱము, 'లాయ్' అనగా చారలు. చారలగుఱ్ఱపు బాట యని దాని భావము. ఆఫ్రికా అడవులలో తిరుగు జంతువు పేరు ఆసియా ఖండపు వీధులలో నిలుచుట వింతగా తోచును గదా! ఈ పద్ధతి పుట్టినది ఇంగ్లండు దేశమున. 1934లో అచ్చటి రవాణామంత్రియైన లెస్లీ హోర్ బెలీషా, పాదచారులు దాటుచోట్ల పసుపుపచ్చని గోళముగల స్తంభములను నాటించెను. అవి దూరమునుండి చోదకులకు సరిగా కనిపింపకుండుటచే, 1949లో పెక్కుచోట్ల నేలపై రంగుచారలు గీచి పరీక్షించిరి. వానిలో తెలుపు నలుపు చారలు అన్నిటికంటె స్పష్టముగా కనిపించినవి. 1951లో అవి చట్టబద్ధములైనవి. అచ్చటనుండి ఆ చారలు దేశదేశములకు వ్యాపించినవి.

చారలు వ్యాపించినంత సులభముగా వాని అర్థము వ్యాపింపలేదు. ఇంగ్లండునందు పాదచారి ఆ చారలపై అడుగిడిన వెంటనే వాహనము ఆగును. ఆ అలవాటు గల యాత్రికుడొకడు పట్టాయాకు వచ్చి, తీరవీధి యొడ్డున నిలిచెననుకొందము. తెల్లచారలు కనిపించినవి, ధైర్యముగా అడుగు ముందుకు వేసినాడు. ఎదుట వచ్చు కారు ఆగలేదు సరికదా, రెండుమారులు దీపములను మెరపించినది. తన దేశమున ఆ సంజ్ఞకు 'నీవు పొమ్ము' అని అర్థము. కనుక అతడు మరియొక అడుగు వేసినాడు. థాయిలాండున ఆ సంజ్ఞకు సాధారణముగా 'నేను వచ్చుచున్నాను, నీవు ఆగుము' అని అర్థము! మన రహదారులపైనను ఆ వాడుకయే కలదు. ఒకే సంజ్ఞ, రెండు విరుద్ధార్థములు. నడుమ నొక మనిషి ప్రాణము.

అట్లే ముదురు నీలిరంగుగల చిన్న వాహనములు ఆ వీధులలో మెల్లగా తిరుగుచుండును. వానిని 'సోంగ్‌థేవ్' లందురు; రెండు వరుసలని ఆ మాటకర్థము. వెనుక భాగమున ఎదురెదురుగా రెండు బల్లలుండుటచే ఆ పేరు వచ్చినది. అవి పాదచారిని చూచి కూత వేసినచో, తొలగుమని హెచ్చరించుట కాకపోవచ్చును. ఎక్కెదవాయని అడుగుటయు కావచ్చును. ప్రయాణికులకై అవి దాటుచోటు దగ్గరనే ఆగినపుడు, వాని చాటున నున్న పాదచారి వెనుకనుండి వచ్చు చోదకునకు కనిపింపడు.

ఇంతకును థాయిలాండున దీనికి చట్టము లేదా యన్నచో, కలదు. 1979 నాటి భూరవాణా చట్టము ఆ దేశమున అమలులో నున్నది. దాటుచోటునకు 30 మీటర్లలోపల ముందుపోవు వాహనమును మించి పోరాదని అది శాసించుచున్నది. చారలపైగాని, వానికి 3 మీటర్లలోపలగాని వాహనమును నిలుపరాదు. పాదచారులకును ఒక నియమము కలదు: 100 మీటర్లలోపల దాటుచోటు ఉన్నపుడు, దానిని విడిచి మరియొకచోట వీధిని దాటరాదు. ఈ నియమములన్నియు చక్కనివే. అయినను చోదకులలో పెక్కురు ఏల ఆగరు?

దీనికి కారణములు పెక్కు కలవు. మొదటిది వేగము. గంటకు 50 కిలోమీటర్ల వేగముతో పోవు కారు ఒక సెకనులో సుమారు 14 మీటర్లు సాగును. అపాయమును చూచి చోదకుడు కాలు బ్రేకుపై నుంచుటకే ఒక సెకను పట్టును. అటుపిమ్మట పొడి నేలపై ఆగుటకు మరి 14 మీటర్లు పట్టును. అనగా చూచిన చోటునుండి 28 మీటర్లు పోయినగాని ఆ కారు నిలువదు. వేగము రెండింతలైనచో, బ్రేకు వేసిన తరువాత పోవు దూరము నాలుగింతలగును. గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవు వాహనము ఆగుటకు మొత్తము 57 మీటర్లకు పైగా కావలెను. వానకు తడిసిన బాటపై ఇంకను ఎక్కువ కావలెను. చారలదగ్గరకు వచ్చిన తరువాత ఆగుదమనుకొను చోదకుడు నిజమునకు ఆగలేడు. దూరమునుండియే వేగము తగ్గించుకొని వచ్చువాడే ఆగగలడు.

పాదచారి లెక్కను కూడ చూడుడు. సాధారణముగా మనిషి సెకనుకు ఒక మీటరుకంటె కొంచెము ఎక్కువ నడచును. 10 మీటర్ల వెడల్పుగల వీధిని దాటుటకు అతనికి ఎనిమిది, తొమ్మిది సెకనులు పట్టును. ఆ కాలములో గంటకు 50 కిలోమీటర్ల వేగముగల వాహనము సుమారు 120 మీటర్లు వచ్చును. అతడు అడుగిడునపుడు ఎక్కడనో చిన్నదిగా కనిపించిన మోటారు సైకిలు, నడివీధికి చేరునప్పటికి మీదికి వచ్చియుండును.

రెండవ కారణము భయము. తానొక్కడే ఆగినచో వెనుకనుండి వచ్చువాడు తన వాహనమును గ్రుద్దునేమోయని చోదకుడు శంకించును. ఆ శంక నిరాధారము కాదు. ఎవ్వరును ఆగని చోట ఒకడు ఆగుట, అందరును పరుగిడు గుంపులో ఒకడు హఠాత్తుగా నిలుచుట వంటిది. మరియు, దయగల చోదకుడొకడు ఆగినంత మాత్రమున పాదచారికి క్షేమము కలుగదు. ఆగిన పెద్ద వాహనము అతనిని మరుగుపరచును. దాని ప్రక్కనుండి ఒక మోటారు సైకిలు దూసికొనివచ్చును. దాటువాడు దానిని చూడడు. నడుపువాడు అతనిని చూడడు. మించి పోరాదని చట్టము 30 మీటర్ల హద్దు గీచుట ఇందుకొరకే.

మూడవ కారణము అలవాటు. థాయిలాండున సామాన్యుని వాహనము మోటారు సైకిలు. అంగడికైనను, బడికైనను దానిపైననే పోవుదురు. నడచువారు తక్కువైన చోట నడచువాని కష్టము నడుపువానికి తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము, 2016లో ఆ దేశమున ప్రతి లక్షమందికి 32.7 మంది చొప్పున రోడ్డు ప్రమాదములలో మరణించిరి. ఆ మృతులలో నలుగురికి ముగ్గురు వంతున రెండు మూడు చక్రముల మోటారు వాహనములపై పోవువారే. నడుపువాడు తన ప్రాణమునే లెక్కచేయని చోట పరుల ప్రాణమునకు విలువ యెక్కడిది?

ఇది చదివి థాయి ప్రజలు కఠినహృదయులని తలపరాదు. వారు ఎదురుపడినవారికి రెండు చేతులు జోడించి, తలవంచి నమస్కరింతురు. మాటలో మెత్తదనము, ముఖమున చిరునవ్వు వారికి సహజములు. పరులయెడ ఉదారముగా ప్రవర్తించుటను వారు 'నామ్ జై' అందురు. 'నామ్' అనగా నీరు, 'జై' అనగా హృదయము. మనము మనసులోని చెమ్మయని చెప్పుదుము గదా, అట్టిదే ఆ మాట. అయినను నల్లని అద్దముల వెనుకను, శిరస్త్రాణపు చాటునను ముఖము మరుగుపడినపుడు ఆ చెమ్మ కూడ మరుగుపడుచున్నది. ముఖము చూచి నమస్కరించువాడే, ముఖము కనిపింపనపుడు దారి ఈయకున్నాడు. ఈ దోషము ఒక్క థాయి జాతిది మాత్రమే కాదు. విదేశములనుండి వచ్చి, తగిన అనుమతిపత్రము లేకయే మోటారు సైకిళ్లను అద్దెకు తీసికొని విచ్చలవిడిగా తిరుగు యాత్రికులును దీనికి బాధ్యులే.

2022 జనవరి 21వ తేదీన బ్యాంకాకు నగరమున జరిగిన ఒక ఘోరము ఆ దేశమును కదలించినది. ఒక నేత్రవైద్యురాలు తెల్లచారలపై వీధిని దాటుచుండగా, పెద్ద మోటారు సైకిలొకటి వేగముగా వచ్చి ఆమెను ఢీకొనెను. ఆమె మరణించినది. ఆ వాహనమును నడిపినవాడు పోలీసు ఉద్యోగి! పెక్కుమందికి చూపునిచ్చిన వైద్యురాలిని చట్టమును కాపాడవలసినవాడే బలిగొన్నాడని ప్రజలు ఆక్రోశించిరి. చారలున్న చోటనే దాటిన మనిషికి రక్షణ లేనిచో ఆ చారలు దేనికని ప్రశ్నించిరి. పిదప రాజధానిలో కొన్ని దాటుచోట్లకు ఎఱ్ఱరంగు పూసి, దానిపై తెల్లచారలు గీచిరి. అంతకుముందు గరిష్ఠముగా 1000 బాత్‌లున్న జరిమానాను అదే సంవత్సరమున 4000 బాత్‌ల వరకు పెంచిరి.

పట్టాయాలో సైతము కొన్ని దాటుచోట్ల పాదచారులకై దీపములను నెలకొల్పిరి. స్తంభముపై నున్న మీటను నొక్కి వేచియున్నచో, కొంతసేపటికి వాహనములకు ఎఱ్ఱదీపము వెలుగును. వీధి నడుమ నిలుచుటకు చిన్న తిన్నెను కట్టుట, దాటుచోటును కొంచెము ఎత్తుచేసి వాహనములు మెల్లగా పోవునట్లు చేయుట మొదలైన ఉపాయములు కూడ లోకమున కలవు. రంగు చోదకుని మంచితనమును అర్థించును; ఎత్తైన బాట అతని చక్రములను నిరోధించును. రెండును కావలసినవే.

అట్టి పట్టణమునకు పోయినవాడు వీధిని ఎట్లు దాటవలెను? దీపములున్న చోటునే ఎన్నుకొనవలెను. ఆకుపచ్చ దీపము వెలిగినను, వాహనములు నిజముగా ఆగినవని చూచినగాని అడుగు వేయరాదు. తూర్పు ప్రక్కనుండి సముద్రమువైపు దాటునపుడు వాహనములు కుడివైపునుండి వచ్చును; అయినను ఎడమవైపు కూడ చూడవలెను, ఏలయన నియమమును మీరి ఎదురుదారిన వచ్చు మోటారు సైకిళ్లు ఉండును. ఒక వాహనము ఆగినపుడు దానిముందు కొంచెము నిలిచి, ప్రక్క వరుసను తొంగిచూచి పిమ్మట సాగవలెను. చోదకుని కన్నులతో కన్నులు కలుపవలెను. పరుగెత్తరాదు, నడివీధిలో వెనుకకు మరలరాదు. స్థానికులు దాటునపుడు వారితో కలసి దాటుట మేలు.

తెల్లచారలు గోడ కావు. అవి వాహనమును ఆపలేవు. 'నీవు అడుగిడిన నేను ఆగెదను' అని చోదకుడు పాదచారికి ఇచ్చిన మాటకు అవి గుర్తులు. మాట నిలుపుకొనువారున్న చోట ఆ సుద్దరంగు కోటగోడవలె కాపాడును. మాట తప్పువారున్న చోట అది నమ్మినవానిని మోసగించును. అట్టి గుర్తుకంటె గుర్తు లేకుండుటయే మేలనిపించును. ఈ మాట పట్టాయాకు ఎంత చెల్లునో మన ఊళ్లకును అంత చెల్లును. మన వీధులలోను తెల్లచారలు కలవు. వానిపై పాదచారికి దారి యీయవలెనని మన చట్టమును చెప్పుచున్నది. నేడు బడికి నడచిపోవు బాలబాలికలే రేపు వాహనములు నడుపుదురు. ఆనాడు చారలముందు ఒక వృద్ధుడు వెనుకాడుచు నిలిచియుండగా వారేమి చేయుదురో, ఆ చారల విలువ అదియే యగును.