జాజ్ సోలోను చెవితో రాసుకోవడం

జాజ్‌లో వాద్యకారుడు అప్పటికప్పుడు అల్లి వాయించే భాగాన్ని సోలో అంటారు. రికార్డు వింటూ దాన్ని స్వరాల్లో రాసుకోవడం ఎలాగో ఈ పాఠంలో తెలుసుకుందాం.

అచ్చయిన పుస్తకాలు ఉండగా ఈ శ్రమ ఎందుకని మీరు అడగవచ్చు. ఏ స్వరం వాయించారో కాగితం చెబుతుంది. అది బీటుకు ఎంత వెనుకగా పడిందో, ఊపిరి ఎక్కడ సన్నగిల్లిందో చెప్పలేదు. జాజ్ నడక అంతా అందులోనే ఉంది.

మైల్స్ డేవిస్ 1959లో రికార్డు చేసిన ‘సో వాట్’ను తీసుకోండి. ఒక ఆవర్తనం 32 బార్లు. బారుకు నాలుగు బీట్లు. మొదటి 16 బార్లు ‘డి’ డోరియన్ స్కేలులో సాగుతాయి. ‘డి’ని షడ్జమం అనుకుంటే ఇవి మన ఖరహరప్రియ స్వరాలే. తరువాతి 8 బార్లలో స్కేలు మొత్తం ఒక స్వరస్థానం పైకి జరుగుతుంది. చివరి 8 బార్లలో మళ్లీ మొదటి చోటికి వస్తుంది. మైల్స్ ట్రంపెట్ సోలో రెండు ఆవర్తనాలు, అంటే 64 బార్లు.

వెంటనే పెన్సిల్ పట్టకండి. రెండు బార్లు వినండి, ఆపండి, పాడండి. మీరు పాడలేని ముక్కను మీ చెవి ఇంకా పట్టుకోలేదని అర్థం. పియానో విద్వాంసుడు లెన్నీ ట్రిస్టానో తన శిష్యులచేత సోలోలను ముందుగా పాడించేవారు. పాట కుదిరాక వాద్యంపై వెతకండి, చివరగా రాయండి. వేగం అందకపోతే, శ్రుతి మారకుండా వేగం తగ్గించే కంప్యూటర్ ప్రోగ్రాములు ఉన్నాయి.

ఇది అనుకరణే కదా అని సందేహించకండి. ఛార్లీ పార్కర్ 1937 వేసవిలో లెస్టర్ యంగ్ సోలోలను రికార్డులు వింటూ నేర్చుకున్నారు. ఆ తరువాత ఆయన వాయించినది పూర్తిగా తన సొంత బాణీ.