నాయన లెక్క, కొడుకు లెక్క



బాగేపల్లి, గౌరిబిదనూరు, చింతామణి, ముళబాగిలు ప్రాంతాల్లో తెలుగు మాట్లాడే ఇళ్లలో సాయంకాలం పూట అరుగు మీద తరచుగా వినిపించే తగవు ఒకటుంది. "నా జీతం అంతా కలిపి నెలకు పన్నెండు వందలు. దాంట్లోనే ఇల్లు కట్టినాను, మీ అత్తలిద్దరి పెండ్లిళ్లు చేసినాను. నీకు ముప్పై వేలు వస్తా ఉంది, అయినా నెలాఖరుకు నా దగ్గరే చెయ్యి చాపుతావు" అంటాడు నాయన. "మీ కాలంలో అన్నీ చవక, మీకేం తెలుసు నాయనా" అంటాడు కొడుకు. ఇద్దరినీ వినీ వినీ విసిగిన తల్లి లోపలికి వెళ్లిపోతుంది.

ఇద్దరూ అబద్ధం చెప్పటం లేదు. ఇద్దరూ తలా సగం లెక్క చెబుతున్నారు. తక్కిన సగం ఇవాళ మీ ముందు పెడదామని వచ్చాను. నేను బడిలో లెక్కలు చెప్పేవాణ్ణి కాబట్టి అంకెలు కొంచెం ఎక్కువగా దొర్లుతాయి. ఓపిక పట్టండి.

ముందు పొదుపు సంగతి. 1988లో పోస్టాఫీసులో కిసాన్ వికాస్ పత్రాలు వచ్చినప్పుడు పెట్టిన సొమ్ము ఐదున్నర ఏళ్లలో రెట్టింపు అయ్యేది. అదే పత్రానికి 2023 ఏప్రిల్‌లో నిర్ణయించిన గడువు 115 నెలలు, అంటే తొమ్మిదేళ్ల ఏడు నెలలు. పబ్లిక్ ప్రావిడెంట్ ఫండుకు 1986 నుంచి 2000 జనవరి దాకా నూటికి పన్నెండు వడ్డీ ఇచ్చారు. 2020 ఏప్రిల్‌లో అది 7.1కి దిగింది. డెబ్బై రెండును వడ్డీ రేటుతో భాగిస్తే సొమ్ము ఎన్నేళ్లలో రెట్టింపవుతుందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. పన్నెండుకు ఆరేళ్లు, ఏడుకు పదేళ్లు. నాయన పెద్ద తెలివితేటలేమీ చూపనక్కరలేకుండానే, పోస్టాఫీసులో వేసి మరచిపోతే చాలు, సొమ్ము పెరిగింది. ఈనాటి కొడుక్కి ఆ సౌఖ్యం లేదు.

అయితే కొడుకు కూడా తొందరపడి గెలిచానని అనుకోకూడదు. 1991-92లో టోకు ధరలు నూటికి పదమూడుకు పైగా పెరిగాయి. పన్నెండు వడ్డీ వచ్చినా ఆ ఏడు చేతిలో మిగిలింది ఏమీ లేదు. పైగా ఆనాడు అప్పు పుట్టటమే గగనం. 1990ల నడుమ గృహరుణానికి పదిహేను శాతం చుట్టూ వడ్డీ ఉండేది. ఆ రుణమైనా జీతం చీటీ ఉన్న పట్నం మనిషికే దొరికేది. పల్లెలో ఉన్నవాడికి ఊళ్లో షావుకారే గతి. నూటికి రెండు రూపాయలు, మూడు రూపాయలు అని తేలికగా అంటాం గాని, అది నెలకు. ఏడాదికి కట్టి చూస్తే ఇరవై నాలుగు, ముప్పై ఆరు.

ఈ సందర్భంలోనే ఒక చిత్రం చెప్పాలి. షావుకారు మూడు రూపాయల వడ్డీ అంటే ముఖం చిట్లించే చదువుకున్న కుర్రవాడు, క్రెడిట్ కార్డు బాకీ మీద నెలకు మూడున్నర దాకా కడుతున్నాడు. అంటే ఏడాదికి నలభై రెండు! నలభై వేల బాకీ ఉందనుకోండి. నెల వడ్డీ 1,400. దాని మీద పద్ధెనిమిది శాతం పన్ను 252. కనీస మొత్తం కింద నూటికి ఐదు చొప్పున రెండు వేలు కట్టి హాయిగా నిద్రపోతే, అసలులో తరిగేది 348 రూపాయలే. షావుకారు కనీసం ఇంటి ముందుకు వచ్చి కేకలు వేసేవాడు, నలుగురికీ తెలిసేది, పెద్దలు అడ్డుపడేవారు. ఈ అప్పు ఫోనులోనే పుట్టి ఫోనులోనే పెరుగుతుంది, పక్క మంచం మీద పడుకున్న తండ్రికి కూడా తెలియదు. కొడుకు బాధ్యత అని నేను గట్టిగా అనేది ఈ ఒక్కచోటే.

ఇక ముసలితనం ఖర్చు. నా దృష్టిలో రెండు తరాల నడుమ అసలైన గోడ ఇదే, గోడ కట్టిన తేదీ కూడా మనకు తెలుసు.

కేంద్రప్రభుత్వంలో 2004 జనవరి 1 తరువాత చేరినవారికి, సైనిక దళాలను మినహాయించి, పాత పింఛను లేదు. తమిళనాడులో ఆ గీత 2003 ఏప్రిల్ 1. ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు 1. ఒడిశాలో 2005 జనవరి 1. మహారాష్ట్రలో 2005 నవంబరు 1. మన కర్ణాటకలో 2006 ఏప్రిల్ 1. సరిహద్దు మనుషులం గనుక ఇది మనకు మరీ విచిత్రంగా కనిపిస్తుంది. 2005లో ఒకే ఊరి నుంచి ఇద్దరు అన్నదమ్ములు ఉపాధ్యాయులై, ఒకడు హిందూపురం వైపు, ఒకడు గౌరిబిదనూరు వైపు ఉద్యోగంలో చేరితే, ఒకడికి పాత పింఛను, ఒకడికి కొత్త పథకం. ఇద్దరూ అదే సుద్దముక్కతో అదే వర్గమూలం చెప్పినవారే.

నేను 2008లో చేరాను. నా పక్క కుర్చీలో కూర్చునే మాస్టారు 2005లో చేరారు. ఆయన పదవీ విరమణ గురించి మాట్లాడితే తీర్థయాత్రల గురించి మాట్లాడతారు. నేను మాట్లాడితే లెక్కల గురించి మాట్లాడతాను. ఆయన నాకంటే పొదుపరి కాదు, దుబారా మనిషి కూడా కాదు. మూడేళ్లు ముందు పుట్టారు, అంతే. 2006 గీతకు ముందు నోటిఫికేషన్ వచ్చి, తరువాత చేరినవారికి పాత పథకం ఎంచుకునే అవకాశం 2024లో కర్ణాటక ప్రభుత్వం ఇచ్చింది. నా నోటిఫికేషన్ కూడా తరువాతదే, కాబట్టి ఆ తలుపూ నాకు తెరుచుకోలేదు.

తేడా ఎంతో చూడండి. పాత పద్ధతిలో చివరి మూలవేతనంలో సగం పింఛను. అరవై వేలుంటే ముప్పై వేలు, దాని మీద కరువుభత్యం, ధరలు పెరిగినప్పుడల్లా అదీ పెరుగుతుంది. కొత్త పద్ధతిలో ఉద్యోగి నెలనెలా మూలవేతనం, కరువుభత్యం కలిపి నూటికి పది కడతాడు, ప్రభుత్వం తన వాటా కలుపుతుంది, ఆ సొమ్ము మార్కెట్టులో పెరుగుతుంది. రిటైరయ్యేనాటికి యాభై లక్షలు పోగైందనుకుందాం. అందులో కనీసం నలభై శాతం, అంటే ఇరవై లక్షలు, పింఛను కొనటానికి పోతాయి. ఆరు శాతం చొప్పున వస్తే ఏడాదికి లక్షా ఇరవై వేలు, నెలకు పది వేలు. సాధారణంగా అది పెరగదు. తక్కిన ముప్పై లక్షలు చేతికి వస్తాయి.

ఆ ముప్పై లక్షల దగ్గరే ఉంది కథ. పాత మాస్టారి పింఛను నెలనెలా వచ్చేది. కొడుకు వ్యాపారానికి అడిగినా, అల్లుడు కారుకు అడిగినా, ఒక నెల పింఛను కంటే ఎక్కువ పోయేది కాదు. కొత్త మాస్టారి చేతిలో ముప్పై లక్షలు ఒక్కసారిగా పడతాయి, అదే నెలలో ఇంట్లో అందరి అవసరాలూ గుర్తుకు వస్తాయి. అరవై ఏళ్ల మనిషి తొంభై దాకా బతికితే ఆ సొమ్మే ఆధారం. పాత పద్ధతిలో ఈ బరువు సర్కారు మోసింది. ఇప్పుడు ఒక మనిషి మోయాలి, అదీ ఇంట్లో వాళ్లకు "లేదు" అని చెప్పి మోయాలి. ఈ మాట నాకు నేనే చెప్పుకుంటున్నాను.

ప్రభుత్వోద్యోగం లేనివారి సంగతి ఇంకా పలచన. ప్రైవేటు కంపెనీల కార్మికులకు 1995 నవంబరులో పింఛను పథకం వచ్చింది. 2014లో కనీస పింఛను వెయ్యి రూపాయలు చేశారు. అదే ఏడు పెట్టిన పదిహేను వేల వేతన పరిమితితో లెక్క వేస్తే ముప్పై ఐదేళ్లు చాకిరీ చేసినవాడికి నెలకు ఏడున్నర వేల దరిదాపుల్లో వస్తుంది. ఒకప్పుడు మన జిల్లా పిల్లవాడికి కోలారు బంగారు గనులుండేవి. పని ప్రాణాంతకమే, కాని కొడుక్కి కూడా అక్కడే పని దొరుకుతుందని తండ్రికి నమ్మకం ఉండేది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఈనాడు ఆ ఊళ్ల నుంచి తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరులో పని చేసి, రాత్రికి తిరిగి వచ్చే వాళ్లు ఎందరో. అటువంటి వాణ్ణి పట్టుకుని "మేము ఒకేచోట ముప్పై ఏళ్లు చేసినాము, నీకు నిలకడ లేదు" అంటే ఏమి న్యాయం?

సేద్యం చేసేవారికి నేను చెప్పవలసింది తక్కువ, వారికే ఎక్కువ తెలుసు. తాత కాలంలో మోట బావిలో చేతికందే నీళ్లు. ఇప్పుడు కోలారు, చిక్కబళ్లాపురం జిల్లాల్లో వెయ్యి అడుగులు దాటి బోరు వేసినా నీరు పడుతుందన్న భరోసా లేదు. మూడు బోర్లు ఎండి అప్పులపాలైన రైతును ఊరు "లెక్క తెలియనివాడు" అంటుంది. భూమి కింద నీరు అందరిదీ, తోడింది అందరూ, అప్పు మాత్రం అతనొక్కడిది. 2018 నుంచి బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి కోలారు చెరువులకు మళ్లిస్తున్నారు. కొన్ని చెరువులు నిండాయి కూడా.

ఇంతవరకూ నాయన, కొడుకు అన్నాను. లోపలికి వెళ్లిపోయిన ఆడవాళ్ల మాట ఎత్తలేదు. అరుగు మీద జరిగే తగవుల్లో వాళ్ల లెక్క ఎప్పుడూ రాదు.

మా మేనత్తకు 1988లో పెండ్లయింది. పుట్టింది ఈ వైపు. ఆమె తోటికోడలు పుట్టింది సరిహద్దు అవతల, ఆమె పెండ్లీ అదే ఏడు. ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇస్తూ చేసిన చట్టం 1985 సెప్టెంబరు నుంచి అమలుకు వచ్చింది. తమిళనాడులో 1989లో, మన కర్ణాటకలో 1994 జులైలో, మహారాష్ట్రలోనూ 1994లోనే వచ్చింది. ఆ చట్టాలన్నీ అమలయ్యేనాటికి పెండ్లి కాని కూతుళ్లకే. కాబట్టి తోటికోడలికి చట్టప్రకారం హక్కు దక్కింది. మా అత్తకు దక్కలేదు. ఒకే వంటింట్లో ఇద్దరు ఆడవాళ్లు, ఒకే ఏడు తాళి, నడుమ ఒక సరిహద్దు రాయి.

2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా హిందూ కుటుంబాల్లో పెండ్లయిన కూతురైనా కానిదైనా పుట్టుకతోనే సమాన వాటాదారు. ఆ తేదీకి తండ్రి బతికి ఉండనక్కరలేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. కాని 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకాలు కదలవు. తండ్రి స్వార్జితం వేరే సంగతి, అది ఆయన ఇష్టం. మా అత్తకు ఈ హక్కు వచ్చేనాటికి, ఆమె అన్నదమ్ములు చీరె, పసుపుకుంకుమలు పెట్టి ఏనాడో సంతకం తీసుకుని ఉన్నారు. వారిలో ఒకరు మా నాయన. ఆ చీరె ఆమె ఇంకా కట్టుకుంటుంది.

హక్కుతో పాటు భారమూ సమానమైంది. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం 2007లో వచ్చింది. అందులో సంతానం అంటే కొడుకూ, కూతురూ, పెద్దవారైన మనవలూ, మనవరాళ్లూ. పోషణ కరువైన పెద్దలు ట్రిబ్యునల్‌లో అర్జీ పెట్టుకోవచ్చు, నెలకు పది వేలకు మించకుండా ఇప్పించే అధికారం దానికి ఉంది. ఆ చట్టంలో ఇరవై మూడో సెక్షన్ శ్రోతలు గుర్తుంచుకోవాలి. తనను చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి రాసిచ్చిన వృద్ధులను తరువాత చూడకపోతే, ఆ దానపత్రాన్ని రద్దు చేయించవచ్చు. కాని మన దానపత్రాల్లో చాలావాటిలో "ప్రేమాభిమానాలతో" అని ఉంటుంది, షరతు ఉండదు. షరతు రాయని కేసులు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. ఒక్క వాక్యం రాయిస్తే అంత దూరం వెళ్లనక్కరలేదు.

ఆ వాక్యం రాయించటానికి పెద్దలు సిగ్గుపడతారు. ఈమధ్య మా వీధిలో ఒక పెద్దాయన ఇల్లు కొడుకు పేర రాసిద్దామని పత్రాలు రాసేవాడి దగ్గరికి వెళితే నన్ను సాక్షిగా పిలిచారు. షరతు మాట నేనే ఎత్తాను. పెద్దాయన తల వంచుకున్నాడు. "రాయించు నాయనా, నాకేమీ తక్కువ కాదు" అన్నాడు కొడుకు. పెద్దాయన చాలాసేపు ఆ కాగితం వైపే చూస్తూ కూర్చుని, "మరి పాప మాటేమిటి? దాన్ని అడగనే లేదు గదా" అన్నాడు. కూతురు హోసూరులో ఉంటుంది. ఆ రోజుకు పత్రం రాయలేదు. వచ్చే ఆదివారం ఆమెను పిలిపిస్తున్నారు.