నేరగాడి చేతిలో వస్తువు – తయారీదారు బాధ్యత

టాటానగర్ స్టేషన్‌లో రైలు దిగితే మీరు చేరుకునేది జంషెడ్‌పూర్ నగరానికి. ఇక్కడి ఉక్కు, లారీలు దేశమంతటా వెళ్తాయి. ఉక్కు మీది తుప్పు పొరను తొలగించడానికి యాసిడ్, చుట్టుపక్కల గనుల్లో రాతిని పగలగొట్టడానికి పేలుడు పదార్థాలు కావాలి. ఇవన్నీ పనికివచ్చే వస్తువులే. అయితే వీటిలో ఒకదానితో ఎవరైనా నేరం చేస్తే, దాన్ని తయారుచేసిన సంస్థ కూడా బాధ్యత వహించాలా? బాధితులకు ఇది చాలా ముఖ్యమైన ప్రశ్న. ఎందుకంటే నేరగాడు దొరికినా, వైద్యానికి సరిపడే సొమ్ము అతని దగ్గర ఉండకపోవచ్చు.

ముందుగా రెండు రకాల బాధ్యతలను వేరుచేసి చూద్దాం.

మొదటిది క్రిమినల్ బాధ్యత. దీనికి సాధారణంగా నేరం గురించిన ఎరుక, ఉద్దేశం ఉండాలి. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 45వ సెక్షన్ నేరానికి ప్రేరేపించడం, ఉద్దేశపూర్వకంగా సహాయపడడం అంటే ఏమిటో చెబుతుంది. 1908 నాటి పేలుడు పదార్థాల చట్టం, 6వ సెక్షన్ ప్రకారం, నేరానికి సామగ్రి సమకూర్చి తోడ్పడినవారికి కూడా అసలు నేరానికి ఉన్న శిక్షే పడుతుంది. కాని ఏమీ తెలియకుండా, లైసెన్సు ప్రకారం సరుకు తయారుచేయడం మాత్రమే నేరం కాదు.

రెండోది సివిల్ బాధ్యత, అంటే నష్టపరిహారం. ఒక దొంగ లారీలో దొంగసొత్తు తరలించాడనుకుందాం. లారీ తయారుచేసినవారిపై బాధ్యత ఉండదు. అదే లారీకి తయారీలోనే బ్రేకుల లోపం ఉండి, దానివల్ల మనిషి గాయపడితే? 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోని 84వ సెక్షన్ కింద తయారీదారు పరిహారం చెల్లించాలి. తయారీ లోపం, డిజైన్ లోపం, తగిన సూచనలు, హెచ్చరికలు లేకపోవడం ఇందులోకి వస్తాయి. అందరికీ తెలిసిన ప్రమాదం గురించి హెచ్చరించనక్కర లేదని 87వ సెక్షన్ చెబుతుంది. కత్తి తెగుతుందని కత్తి మీద రాయాల్సిన పని లేదు!

మరి ప్రమాదకరమైన పదార్థాల మాటేమిటి? ఇక్కడ ఫ్యాక్టరీ గేటును హద్దుగా పెట్టుకుంటే విషయం సులభంగా అర్థమవుతుంది.

గేటు లోపల: 1984 భోపాల్ దుర్ఘటనకు ఒక ఉద్యోగి చేసిన విద్రోహమే కారణమని యూనియన్ కార్బైడ్ వాదించింది. అయితే ఢిల్లీలో 1985లో జరిగిన ఓలియమ్ వాయువు లీకు కేసులో సుప్రీంకోర్టు 1986 డిసెంబరులో సంపూర్ణ బాధ్యత సూత్రాన్ని ప్రకటించింది. దీని ప్రకారం, ప్రమాదకర పరిశ్రమ నడిపేవారు మూడో వ్యక్తి చేసిన పని అంటూ పాత మినహాయింపుల చాటున తప్పించుకోలేరు.

గేటు బయట: ఇక్కడ చట్టం ముఖ్యంగా సరుకు ఎవరి చేతికి వెళ్తున్నదో చూస్తుంది. లక్ష్మి కేసులో సుప్రీంకోర్టు 2013 జులై 18న ఇచ్చిన ఆదేశం ప్రకారం, దుకాణదారు యాసిడ్ కొన్నవారి వివరాలు, పరిమాణం రిజిస్టరులో రాయాలి. ఫోటో గుర్తింపు కార్డు చూడాలి, ఎందుకు కొంటున్నారో అడగాలి. 18 ఏళ్లలోపు వారికి అమ్మకూడదు. గనుల పేలుళ్లలో వాడే అమ్మోనియం నైట్రేట్‌కు కూడా 2012 నుంచి ప్రత్యేక నిబంధనలున్నాయి. అయినా 2013 ఫిబ్రవరి 21న హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లలో వాడింది ఆ పదార్థాన్నే. రాసిన నియమం అమలైతేనే రక్షణ అని దీన్నిబట్టి మీరు గ్రహించవచ్చు.

అమెరికాలో 2005 చట్టం తుపాకుల తయారీదారులకు ఇలాంటి దావాల నుంచి రక్షణ కల్పించింది. మెక్సికో ప్రభుత్వం వేసిన దావాను అక్కడి సుప్రీంకోర్టు 2025 జూన్‌లో తిరస్కరించింది. కాని శాండీ హుక్ పాఠశాల కాల్పుల బాధిత కుటుంబాలకు 2022లో రెమింగ్టన్ తరఫున 7.3 కోట్ల డాలర్ల పరిహారం ఒప్పందమైంది. ఆ దావాకు ఆధారం తుపాకీని ప్రచారం చేసిన తీరు. అంటే తయారీదారు జవాబు చెప్పవలసింది పరాయివాడి నేరానికి కాదు, తాను చేసిన పనికి.

ఇక తయారీదారు తప్పు లేనప్పుడు బాధితుల గతి ఏమిటి? భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 396వ సెక్షన్ కింద ప్రభుత్వ పరిహారం ఉంది. యాసిడ్ దాడి బాధితులకు కనీసం 3 లక్షల రూపాయలు ఇవ్వాలని 2013 ఆదేశం. దీనికోసం జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేయాలి. జంషెడ్‌పూర్ వాసులకైతే అది తూర్పు సింగ్‌భూమ్ జిల్లా సంస్థ. 397వ సెక్షన్ ప్రకారం ప్రైవేటు ఆసుపత్రి కూడా ఇలాంటి బాధితులకు వెంటనే ఉచితంగా వైద్యం చేయాలి. డబ్బు కట్టమని వెనక్కి పంపకూడదు.

ఇలాంటి వార్త చదివినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. వస్తువులో లోపం ఉందా? నేరం సంగతి తయారీదారుకు ముందే తెలుసా? సరుకును ఎవరికి ఇవ్వకూడదో వారికి ఇచ్చారా? మూడింటికీ లేదన్నదే జవాబైతే, సాధారణంగా బాధ్యత నేరగాడిదే. ఒక్కదానికి అవునని జవాబు వచ్చినా, వెంటనే న్యాయ సలహా తీసుకోండి.