ఆకు మారిన అక్షరము

గిజిగాడు గూడల్లుటలో ఏ పనివానికిని తీసిపోదు. కాని నేడది యల్లు గూడు వేయేండ్లనాటి గూటికంటె మెరుగైనదని ఎవ్వరును చెప్పజాలరు. మానవుని దారి వేరు. తాత విడిచిన చోట మనుమడందుకొనును. ఈ అందుకొనుట యెట్లు జరిగినదో తెలియగోరువారికి మన భారతమే చాలును.

పదునొకండవ శతాబ్దమున రాజమహేంద్రవరమున నన్నయభట్టు రాజరాజనరేంద్రుని కోరికపై ఆంధ్రమహాభారతమునారంభించి అరణ్యపర్వము నడుమ నిలిపెను. పదుమూడవ శతాబ్దమున తిక్కన సోమయాజి ఆ శేషమును ముట్టక, విరాటపర్వము మొదలుకొని పదునైదు పర్వములు రచించెను. పదునాలుగవ శతాబ్దమున ఎఱ్ఱన ఆ లోటును పూరించెను. పూరించి, తన ప్రభువగు ప్రోలయవేమారెడ్డికి గాక, అది నన్నయ రచనయే యన్నట్లు రాజరాజనరేంద్రునికే అంకితము చేసెను. ఇంచుమించు మూడు వందల యేండ్ల క్రిందటి రాజునకు!

ఇంతవరకు పాఠ్యపుస్తకములు చెప్పును. నన్నయ పద్యము ఎఱ్ఱన చేతికెట్లు చేరినదో చెప్పవు. తాటియాకు చిరంజీవి కాదు. తేమకును, చెదలకును, రామబాణపు పురుగునకును లోనై కొన్ని తరములలో చీకిపోవును. అంతకు ముందే ఒకరు దానిని మరల వ్రాయవలెను. ఆ ప్రతి చీకకముందు ఇంకొకరు. ఘంటముతో గీరిన యక్షరము వట్టి గీత. మసియో ఆకుపసరో పూసి తుడిచినగాని కంటికానదు. మాటకును మాటకును నడుమ ఎడముండదు. అట్టి గ్రంథమును ఆసాంతము వ్రాసి, వెన్ను వంగినది, మెడ పట్టినది, చూపు బిగిసినది, కష్టపడి వ్రాసితిని, కాపాడుడని వ్రాయసకాండ్రు కడపట వేడుకొనుట మన దేశపు ప్రతులలో పరిపాటి. కవుల చరిత్రలలో వారి పేర్లు లేవు. నన్నడిగినచో భారతమునకు నాల్గవ కర్తలు వారే.

అయితే వ్రాయసకాడు తప్పులును వ్రాయును. ఒక్కొక్కచో తన పద్యమును గూడ చేర్చును. కావున చేర్చువారితోపాటు ఏరువారును కావలెను. 1817లో మద్రాసు చేరిన సి. పి. బ్రౌను, పిదప పండితులను, వ్రాయసకాండ్రను సొంత ఖర్చుతో నియమించి, ఒక్క గ్రంథమునకే పలు ప్రతులు తెప్పించి పాఠములు సరిచూపించెను. 1852 నాటి అతని నిఘంటువు వెనుక ఆ ఆకుల చదువున్నది. నన్నెచోడుని కుమారసంభవము తాళపత్రములలో మరుగుపడియుండగా, 1909లో మానవల్లి రామకృష్ణకవి అచ్చువేయించిన పిమ్మటగాని పాఠకలోకమాకవిని ఎరుగదు.

నేడు తాళపత్రములకు ఛాయాచిత్రములు తీయుచున్నారు. మంచిదే. కాని ఆ చిత్రమును చూచి పదములు విడదీసి చదువగల విద్యార్థి మన కళాశాలలలో అరుదు. తెలుగు పండితులు నెలకొక్క యాకునైనను తరగతిలో చదివింపరాదా? పద్యమును కంఠస్థము చేయించుటకంటె అది కష్టమేమియు కాదు.

ఎఱ్ఱన రామాయణమును గూడ రచించెను. నన్నయ విడిచినదానిని పూరించిన యాతని యాకావ్యమునకు మాత్రము మరల వ్రాయు చేతులు కరవైనట్లున్నవి. తరువాతివారు తమ గ్రంథములలో ఉదాహరించిన కొన్ని పద్యములే మనకు మిగిలినవి.